నీటి అంచున తూనీగలు: పరిచయం, జీవనవిధానం, సంరక్షణ

వ్యాససంగ్రహం

తూనీగను మనం గాలిలో చూస్తాం. దాని జీవితంలో అధికభాగం మాత్రం నీటిలో, మన కంటికి కనబడకుండా గడుస్తుంది. తూనీగలకు, సూదితూనీగలకు మధ్య ఉన్న భేదాలను, వాటి జీవనచక్రాన్ని వివరించి, చెరువు నిండుగా ఉన్నప్పటికీ దాని అంచు చెడిపోతే ఈ కీటకాలు ఎందుకు నిలవలేవో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు ప్రాంతపు చెరువులు, కుంటలు, వాగులు, వరిమళ్లు ఇందులో ప్రధాన ఉదాహరణలు.

కీలకపదాలు: తూనీగ, సూదితూనీగ, ఒడొనేటా, డింభకం, కుబుసం, చెరువు, జీవవైవిధ్యం

1. ఉపోద్ఘాతం

తెలుగునాట తూనీగను చూడనివారు అరుదు. వాన వెలిసిన సాయంత్రం వాకిట్లోనో, కళ్లంలోనో, చెరువుకట్ట మీదనో గుంపులుగా ఎగిరే ఈ కీటకాన్ని నేటి పిల్లలు 'హెలికాప్టర్' అని కూడా పిలుస్తున్నారు. దాని తోకకు దారం కట్టి ఎగరవేయడం ఒకప్పుడు పల్లెపిల్లల ఆట. అది క్రూరమైన ఆటే. అయితే ఆ ఆట ఆడిన తరానికి తూనీగ ఎక్కడ వాలుతుందో, ఏ వేళ మందకొడిగా ఉంటుందో, ఏ వైపు నుంచి చేయి చాపితే దొరుకుతుందో తెలుసు. ఆ పరిచయం క్రమంగా పోయింది. దాని స్థానంలో శాస్త్రీయమైన పరిచయం మాత్రం ఇంకా రాలేదు.

చెరువులో నీరుంటే అందులోని జీవజాలం కూడా క్షేమమే అనుకోవడం సహజం. తూనీగల విషయంలో ఈ భావన నిలవదు. అవి చెరువు నడిమిని కాక దాని అంచును ఆశ్రయించి బతికే జీవులు. మోకాలిలోతు నీరు, అందులో మునిగిన గడ్డి, నీటిపైకి తల ఎత్తిన తుంగ, జమ్ము, వాటి వేళ్ల నడుమ ఒండ్రు - ఇదీ వాటి ఇల్లు. నీటి మట్టాన్ని కాపాడుతూనే ఈ ఇంటిని కూల్చివేయడం సాధ్యమే. చెరువుల అభివృద్ధి పేరిట నేడు అనేకచోట్ల జరుగుతున్నది ఇదే.

2. ఒక్క పేరు, రెండు కీటకాలు

తూనీగలను శాస్త్రజ్ఞులు 'ఒడొనేటా' అనే క్రమంలో చేర్చారు. గ్రీకు భాషలో దంతం అనే అర్థమిచ్చే మాట నుంచి ఈ పేరును 1793లో డెన్మార్క్ కీటకశాస్త్రజ్ఞుడు ఫాబ్రిషియస్ కల్పించాడు. ఈ కీటకాల దవడలకు పదునైన పళ్లవంటి నొక్కులు ఉండటమే ఇందుకు కారణం. ఈ క్రమంలో ప్రధానమైన ఉపక్రమాలు రెండు. వెనుక రెక్కలు ముందు రెక్కలకంటే వెడల్పైనవి అనైసోప్టెరా, నాలుగు రెక్కలూ దాదాపు ఒకే తీరుగా ఉండేవి జైగోప్టెరా. మూడవదైన అనైసోజైగోప్టెరాలో నేటికి మిగిలినవి కొద్ది జాతులే. వాటిలో ఒకటి తూర్పు హిమాలయాల చల్లని సెలయేళ్లలో జీవిస్తున్నది.

మొదటి రెండింటికీ తెలుగులో ఒకటే మాట. 'తూనిగ' అన్నా 'తూనీగ' అన్నా రెండూ అందులోకే వస్తాయి. పొరుగు భాషలు ఈ భేదాన్ని గుర్తించాయి. తమిళంలో పెద్దది 'తట్టాన్', సన్ననిది 'ఊసిత్తట్టాన్'. మలయాళంలో సన్ననిదాన్ని 'సూచిత్తుంబి' అంటారు. ఊసి అన్నా సూచి అన్నా సూదే. ఆ దారినే అనుసరించి జైగోప్టెరాలను ఈ వ్యాసంలో 'సూదితూనీగలు' అని వ్యవహరిస్తున్నాను. కేరళలోని ప్రకృతి పరిశీలకులు అక్కడ కనిపించే అనేక జాతులకు మలయాళంలో విడివిడిగా పేర్లు పెట్టుకున్నారు. తెలుగులో ఆ పని కావలసి ఉన్నది. ఇది కేవలం భాషాభిమానానికి సంబంధించిన విషయం కాదు. 'పసుపు తూనీగలు తగ్గాయి' అని ఒక రైతు చెప్పినప్పుడు అది వానతో వలసవచ్చే పసుపుదా, మురుగునీటిపై తిరిగే నారింజ రెక్కలదా, గడ్డిలో వాలే పసుపు సూదితూనీగా అన్నది తేలకపోతే ఆ విలువైన సాక్ష్యం వృథా అవుతుంది. ఈ మూడింటి రాకపోకలు చెప్పే అర్థాలు మూడు వేర్వేరు.

ప్రపంచంలో ఇప్పటివరకు ఆరువేలకు పైగా జాతులను వర్ణించారు. భారతదేశంలో సుమారు 500 ఉన్నాయి. వీటి అధ్యయనానికి పునాది వేసినవాడు ఇండియన్ మెడికల్ సర్వీసులో సైనిక వైద్యుడిగా పనిచేసిన ఎఫ్. సి. ఫ్రేజర్. బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో ఆయన రాసిన మూడు సంపుటాలు 1933, 1934, 1936 సంవత్సరాలలో వెలువడ్డాయి. ఆ తరువాత కె. ఎ. సుబ్రమణియన్ 2005లో ద్వీపకల్ప భారతపు తూనీగలపై ప్రచురించిన క్షేత్రదర్శిని సామాన్య పరిశీలకుడికి కూడా అందుబాటులో ఉండే తీరుగా ఈ విద్యను మార్చింది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పుకోవాలి. మన పొలంగట్ల మీద, తోటలలో, నీటికుంటల పక్కన గడ్డిపరకలపై వాలే పసుపుపచ్చని సూదితూనీగ శాస్త్రీయనామం 'సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్'. దాన్ని 1798లో వర్ణించినవాడు ఫాబ్రిషియసే. కోరమాండల్ తీరం పేరు, అంటే కొంతమేర మన తీరం పేరు, ఒక సూదితూనీగ పేరులో రెండు శతాబ్దాలకు పైగా నిలిచి ఉన్నది. దానికి తెలుగులో ప్రత్యేకమైన పేరు లేకపోవడం కొంచెం వింతగానే ఉంటుంది.

3. గుర్తించే విధానం

వాలినప్పుడు రెక్కలను చూడాలి. తూనీగ రెక్కలను విమానపు రెక్కలవలె చాచి ఉంచుతుంది. సూదితూనీగ వాటిని వెనక్కి మడిచి ఒంటికి ఆనించుకుంటుంది. తరువాత కళ్లు. తూనీగకు రెండు కళ్లూ తలపై కలిసిపోయి శిరస్త్రాణంవలె కనబడతాయి. సూదితూనీగకు అవి తలకు అటూ ఇటూ దూరంగా, డంబెల్ గుండ్లవలె ఉంటాయి. మూడవది శరీరం. సూదితూనీగ ఉదరం అగ్గిపుల్లకంటే సన్నన, ఎగురుడు బలహీనం, గడ్డి నడుమ నుంచి అంత దూరం పోదు.

ఈ లక్షణాలలో ఏ ఒక్కదాన్నీ పట్టుకొని తీర్పు చెప్పకూడదు. లెస్టిడే కుటుంబపు సూదితూనీగలు రెక్కలను సగం తెరిచే వాలుతాయి. చెరువులో నాటిన కర్రకొసన గంటలతరబడి కూర్చొనే ఇక్టినోగాంఫస్ రాపాక్స్ పెద్ద తూనీగ అయినా దాని కళ్లు కలవవు. రంగును నమ్మడం ఇంకా ప్రమాదకరం. కొత్తగా రెక్కలు వచ్చినది లేతగా ఉంటుంది, వయసుతో రంగు మారుతుంది, ఆడ మగలకు రంగులు వేరు. క్రోకోథెమిస్ సెర్విలియా మగది మిరపపండువలె ఎర్రగా ఉంటే ఆడది పసుపుగోధుమ రంగులో ఉంటుంది. తొలి పరిశీలకులు ఈ రెండింటినీ రెండు జాతులుగా రాసుకోవడం మామూలే.

4. నీటిలోని జీవితం

తూనీగకు ప్యూపా దశ లేదు. గుడ్డు, డింభకం, ప్రౌఢకీటకం - ఇంతే. దీనిని అసంపూర్ణ రూపవిక్రియ అంటారు. సూదితూనీగలు, కొన్ని పెద్ద తూనీగలు నీటిమొక్క కాడను చీల్చి అందులో గుడ్లు పొదుగుతాయి. మన చెరువులలో ఎక్కువగా కనబడే లిబెల్లులిడే కుటుంబపు తూనీగలు మాత్రం ఉదరం కొసను నీటికి తాకిస్తూ గుడ్లు విడుస్తాయి. నీటిపై తూనీగ పదేపదే తోక ముంచడం చూసి అది నీళ్లు తాగుతున్నదని చాలామంది అనుకుంటారు. అది ప్రసవం.

గుడ్డుపెట్టే ఆడతూనీగను మగది వెన్నంటి ఉండటం, లేదా మెడ పట్టుకొనే ఎగరడం తరచుగా చూస్తాం. ఇది కేవలం కాపలా కాదు. ఆడతూనీగ శరీరంలో అంతకుముందు మగది విడిచిన శుక్రాన్ని తరువాత వచ్చిన మగది తన అంగంతో తొలగించగలదని 1979లో జొనాథన్ వాగే ఒక సూదితూనీగ జాతిలో నిరూపించాడు. తన సంతానం తనదిగా ఉండాలంటే గుడ్లు పెట్టేవరకు విడిచిపోకూడదు.

డింభకం రూపంలో తల్లిదండ్రుల పోలిక ఏమీ ఉండదు. మట్టిరంగులో, కాళ్లు చాచి, అడుగున కదలక కూర్చొంటుంది. దాని ఆయుధం కింది పెదవి. మడతపెట్టి ముఖం కింద దాచుకున్న ఆ పెదవి ఎర దగ్గరికి రాగానే క్షణంలో ముందుకు విచ్చుకొని కొసనున్న కొక్కేలతో పట్టుకొంటుంది. దోమపిల్లలు, ఇతర కీటకాల డింభకాలు, తోకకప్పలు, చిన్న చేపపిల్లలు దాని ఆహారం. తూనీగ డింభకం మలాశయంలోని మొప్పలతో శ్వాసిస్తుంది. ఆ నీటినే బలంగా వెనక్కి చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. సూదితూనీగ డింభకానికి ఉదరం కొసన ఆకులవంటి మూడు మొప్పలు ఉంటాయి. నీటిలో ప్రాణవాయువు తగ్గితే, బురద కమ్మితే మొదట ఇబ్బందిపడేవి ఇటువంటి సున్నితమైన అవయవాలు కలవే.

పదిపన్నెండు సార్లు పొర విడిచిన తరువాత, సాధారణంగా రాత్రివేళనో తెల్లవారుజామునో, డింభకం ఒక కాడను పట్టుకొని నీటినుంచి పైకి పాకుతుంది. వీపు చిట్లుతుంది. తూనీగ బయటికి వచ్చి, ముడుచుకున్న రెక్కలలోకి ద్రవాన్ని పంపి విప్పుకొని, ఆరాక ఎగిరిపోతుంది. ఖాళీ కుబుసం కాడకే అంటిపెట్టుకొని ఉంటుంది. ఈ కొద్ది గంటలు దానికి ఏ రక్షణా లేదు. పట్టుకోవడానికి కాడ, గరుకైన నేల లేకపోతే నీటిలో గడిపిన వారాలు, కొన్ని జాతులలో ఏళ్లు, వృథా. నున్నటి సిమెంటు గోడ నిలువుగా నీటిలోకి దిగే చెరువులో ఎదురయ్యే ప్రధానమైన చిక్కు ఇదే.

గాలిలోకి వచ్చాక దాని నైపుణ్యం అసాధారణం. పెద్ద జాతుల సంయుక్తనేత్రంలో దాదాపు 30,000 వరకు నేత్రాంశాలు ఉంటాయి. నాలుగు రెక్కలను విడివిడిగా ఆడించగలగడం వల్ల నిలిచినచోటే ఎగరగలదు, వెనక్కీ పోగలదు. ఎరను తరమదు, ఎర చేరబోయే చోటును ముందే అంచనా వేసి అక్కడికి పోతుంది. వేటకు బయలుదేరితే నూటికి తొంభైకి పైగా సార్లు సఫలమవుతుందని ప్రయోగాలలో తేలింది. పులికి, సింహానికి ఇటువంటి లెక్క లేదు.

5. వానతో వచ్చేది

తూనీగలు కిందికి దిగి ఎగిరితే వాన వస్తుందని పల్లెల్లో చెబుతారు. ఈ మాట వెనుక ఉన్నది ఎక్కువగా పాంటాలా ఫ్లావెసెన్స్ అనే పసుపుగోధుమ రంగు తూనీగ. ఇది వానగాలితో కదిలి, వాననీటి గుంటలలో గుడ్లు పెట్టే జాతి. గుంట ఎండేలోగా పని ముగించాలి గనుక దీని డింభకం ఆరేడు వారాలలోనే ఎదిగిపోగలదు.

మాల్దీవులలో నివసించిన జీవశాస్త్రజ్ఞుడు చార్లెస్ ఆండర్సన్ ఏటా అక్టోబరులో ఈ తూనీగలు అక్కడికి లక్షలాదిగా రావడం గమనించాడు. ఆ ద్వీపాలలో ఉపరితలంపై మంచినీరు దాదాపు లేదు, అంటే అవి అక్కడ పుట్టినవి కావు. భారతదేశం నుంచి ఈశాన్యపు గాలులను ఆసరాగా చేసుకొని, మాల్దీవుల మీదుగా తూర్పు ఆఫ్రికా వానల దిక్కుగా పోతున్నాయని, నైరుతి రుతుపవనాలతో తరువాతి తరాలు తిరిగివస్తున్నాయని ఆయన 2009లో ప్రతిపాదించాడు. 2012లో రెక్కలలోని హైడ్రోజన్ ఐసోటోపులను పరీక్షించినప్పుడు మాల్దీవులకు చేరినవి ఉత్తర భారతంలోనో, ఇంకా ఉత్తరాననో పుట్టినవని తేలింది. నాలుగు తరాలు కలిసి పూర్తిచేసే ఈ ప్రయాణం మొత్తం 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు ఉంటుందని అంచనా.

ఈ జాతికి ముప్పు లేదు. అందుకే మన ఊళ్లలో తూనీగలు తగ్గలేదనే భ్రమ కూడా దీనివల్లే కలుగుతుంది. ఆకాశంలో వందలు కనబడతాయి. అవి మన చెరువులో పుట్టినవి కాకపోవచ్చు.

6. మిగిలేవి, పోయేవి

ఏ నీరు ఏ స్థితిలో ఉన్నదో చెప్పడానికి తూనీగలు మంచి సాక్షులు. మురుగు చేరిన నగరపు చెరువు ఒడ్డున వందలాదిగా కనబడేది బ్రాకిథెమిస్ కంటామినేటా. మగదానికి నారింజరంగు పూసిన రెక్కలు. శాస్త్రీయనామంలోని లాటిన్ మాటకు మరకపడినది, మలినమైనది అని అర్థం. ఫాబ్రిషియస్ బహుశా రెక్కల రంగును చూసి ఆ పేరు పెట్టి ఉంటాడు. అది దాని నివాసానికి కూడా సరిపోవడం యాదృచ్ఛికం. ఈ ఒక్క జాతే పుష్కలంగా ఉండి మిగతావి కనుమరుగైతే ఆ నీటి గురించి ఆందోళన పడవలసిందే.

దీనికి మరో కొసన నియురోబేసిస్ చైనెన్సిస్ అనే సూదితూనీగ ఉన్నది. మగదాని వెనుక రెక్కలు ఎండలో పచ్చని లోహంవలె మెరుస్తాయి. చెట్లనీడన పారే స్వచ్ఛమైన కొండవాగును అది విడిచి ఉండదు. వాగుకు అడ్డుకట్ట వేస్తే, ఒడ్డున చెట్లు నరికితే, ఇసుక తోడితే దానికి పోవడానికి మరో చోటు ఉండదు.

మనిషి మార్చిన పరిసరాలలో ఇమిడిపోయినదీ లేకపోలేదు. దక్కన్ బండలపై బూడిదరంగు మచ్చలతో రాతిలో రాయిగా కలిసిపోయే బ్రాడినోపైగా జెమినేటా, రాతిదొనెలలో నిలిచిన వాననీటిలో గుడ్లు పెట్టే జాతి. నేడు అది ప్రహరీగోడలపై వాలి, ఇంటి నీటితొట్టెలలో పిల్లలను పెంచుతున్నది. హైదరాబాదు బండలు పగిలి భవనాలైనప్పుడు ఆ భవనాలనే బండలుగా అది స్వీకరించింది. ఇటువంటి సర్దుబాటు అన్నిటికీ సాధ్యం కాదు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2021 డిసెంబరులో తొలిసారిగా ప్రపంచపు తూనీగలన్నిటి స్థితిని వెల్లడించింది. పరిశీలించిన 6,016 జాతులలో 16 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి. దక్షిణ, ఆగ్నేయాసియాలలో ఈ నిష్పత్తి నాలుగోవంతుకు మించింది. చిత్తడినేలలను, అడవులను పంటలకోసం తొలగించడం ఇక్కడి ప్రధానకారణమని ఆ సంఘం పేర్కొన్నది.

7. అంచును కోల్పోతున్న చెరువు

తెలుగు ప్రాంతంలో చిత్తడినేల అంటే ముఖ్యంగా చెరువు. కాకతీయులనాటి గొలుసుకట్టు విధానంలో ఒక చెరువు అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరేది. కట్ట ఒకవైపే ఉంటుంది. మిగతా మూడువైపులా నేల మెల్లగా పల్లమై నీటిలోకి దిగుతుంది. వేసవిలో నీరు వెనక్కి తగ్గుతూ తడినేలను విడిచిపెడుతుంది. వానలకు మళ్లీ ముందుకు వస్తుంది. ఈ కదిలే అంచు, శిఖం భూమిలోని గడ్డి, అలుగు దిగువన పారే సన్నని కాలువ, తూము కింద వరిమడి - ఒక్కొక్కటి ఒక్కో జాతికి అనువైన చోటు. నీటిపారుదల కోసం కట్టినది తెలియకుండానే తూనీగలకు నెలవైంది.

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ సుమారు 46,000 చెరువులను పునరుద్ధరించే లక్ష్యంతో పూడికతీతను చేపట్టింది. పూడిక తీయడం తప్పు కాదు. ఎండాకాలం చెరువుమట్టిని చేలకు తోలుకోవడం మన పాత అలవాటే. అయితే ఎడ్లబండితో కొంతకొంతగా తోలుకున్న మట్టికి, యంత్రంతో ఒకే వేసవిలో అడుగంతా ఒకే లోతుకు తవ్విన మట్టికి తేడా ఉన్నది. రెండవ పద్ధతిలో పల్లపు అంచు నిట్టనిలువు గట్టుగా మారే ప్రమాదం ఎక్కువ. నగరాలలో సుందరీకరణ ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. చుట్టూ రాతికట్టడం, నడకదారి, రాత్రంతా దీపాలు, 'పిచ్చిమొక్కల' తొలగింపు. గుర్రపుడెక్కను తీసివేయవలసిందే; అది నీటిని కప్పి ఊపిరాడనివ్వదు. కానీ దానితోపాటు తుంగను, జమ్మును కూడా పెరికివేయడం వ్యాధిని, అవయవాన్ని కలిపి కోసివేయడం వంటిది.

మెరిసే ఉపరితలాలు మరో చిక్కు. తూనీగ నీటిని గుర్తించేది దానిపైనుంచి ప్రతిఫలించే ధ్రువిత కాంతి ఆధారంగా. నునుపుచేసిన నల్లరాతి సమాధులను నీరనుకొని తూనీగలు వాటిచుట్టూ తిరగడాన్ని హంగరీ పరిశోధకులు నమోదుచేశారు. కార్ల పైకప్పులపై, సౌరఫలకాలపై గుడ్లుపెట్టే ప్రయత్నాలు కూడా వెల్లడయ్యాయి. చెరువు ఒడ్డున నల్ల గ్రానైటు పరచేముందు ఆలోచించవలసిన విషయమిది.

వరిమడి సంగతి వేరుగా చెప్పాలి. జపాన్‌లో 'అకియాకనే' అనే ఎర్రతూనీగ వరిచేలలో పుట్టి పెరిగే జాతి. 1990ల చివరి నుంచి అది అనేక ప్రాంతాలలో బాగా తగ్గిపోయింది. నారుపెట్టెలలో వాడిన ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ మందులకు ఈ క్షీణతతో సంబంధమున్నదని అక్కడి పరిశోధకులు చూపారు. ఈ రెండు మందులూ మన వరిరైతుకు కొత్తవి కావు. కాండం తొలిచే పురుగుకు, సుడిదోమకు వాడుతున్నవే. మందు చల్లిన మడినీటిలో చచ్చే డింభకం, బతికి ఉంటే అదే పొలంలోని పురుగులను తినవలసినది.

దోమల నివారణలోనూ ఇటువంటి వైరుధ్యమే కనబడుతుంది. 1928లో మనదేశానికి తెచ్చిన గంబూషియా చేపలను నేటికీ చెరువులలో, కుంటలలో వదులుతున్నారు. అవి దోమపిల్లలనే కాక చిన్న తూనీగ డింభకాలను కూడా తింటాయి. మరోవైపు, యాంగన్ నగరంలో ఇళ్లలోని నీటితొట్టెలలో క్రోకోథెమిస్ సెర్విలియా డింభకాలను వదిలి డెంగీ దోమను అణచగలిగిన అధ్యయనం 1990లో ప్రచురితమైంది. ఆ జాతి మన ప్రతి చెరువులోనూ ఉన్నది.

8. పరిశీలన, సంరక్షణ

2016లో సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వస్థలంగా ప్రకటించారు. కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ ఒప్పందపు జాబితాలో ఉన్నది. ఇటువంటి గుర్తింపు అవసరమే. కానీ ఊరి కుంటలకు, నగరపు అనామక చెరువులకు ఏ ప్రకటనా రాదు. అక్కడ చేయగలిగినవి చిన్న పనులు. పూడిక తీసేటప్పుడు ఒకవైపు పల్లపు అంచును తాకకుండా విడిచిపెట్టడం, రాతికట్టడం తప్పనిసరి అయితే కట్టవైపుకే పరిమితం చేయడం, తుంగను ఒకే ఏడు మొత్తం కోయకుండా భాగాలుగా కోయడం, చేపలులేని చిన్న గుంట ఒకటి పక్కన మిగల్చడం. ఇందుకు ప్రత్యేకమైన నిధులు అక్కరలేదు. పని చేయించేవారికి ఆ అంచు ఎందుకో తెలిస్తే చాలు.

విద్యార్థులు, ఉపాధ్యాయులు చేయగల పని మరొకటి. ఎగిరే తూనీగలను లెక్కపెట్టడం సులభం. అయితే పైన చెప్పినట్టు అవి ఎక్కడివో తెలియదు. కుబుసం అలా కాదు. ఏ కాడపై కుబుసం దొరికిందో ఆ నీటిలోనే ఆ జీవి పుట్టి, ఎదిగి, బయటపడిందని అది రుజువు. వలతో పట్టవలసిన పని లేదు, ప్రాణహాని లేదు. చెరువు ఒడ్డున వంద అడుగుల దూరాన్ని గుర్తుపెట్టుకొని, వానలు మొదలైనప్పటి నుంచి చలికాలం వరకు పదిహేను రోజులకొకసారి, గాలికి, వానకు కుబుసాలు రాలకముందే ఉదయాన ఆ దూరమంతా నడవాలి. తుంగకాడలు, రాళ్ల పగుళ్లు, తూము గోడ వెతికి, దొరికిన కుబుసాలను అగ్గిపెట్టెలో భద్రపరచి, తేదీ, చోటు, నీటి మట్టం రాసుకోవాలి. ఏమీ దొరకని రోజును కూడా సున్నా అని తేదీతో సహా రాయాలి.